బీరువా ముట్టుకుంటే చురుక్కుమంటోందా? అది ఇంటి కరెంటు కాదు

మీరు అడిగింది ఇదీ: "హైదరాబాద్‌లో ఉంటాం. జనవరి వచ్చినప్పటి నుంచి ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి బీరువా పట్టుకుంటే చురుక్కుమని కొడుతోంది, రాత్రి స్వెట్టర్ తీస్తుంటే చిటపటలు. ఎర్తింగ్ పోయిందా? మా అత్తగారేమో నా ఒంట్లో కరెంటు ఎక్కువుందంటున్నారు."

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది స్థిర విద్యుత్తు (స్టాటిక్ కరెంటు) అండి. మీ బీరువాకు ఏ వైరూ లేదు, ఏ ప్లగ్గూ లేదు. దాంట్లోంచి మీకు కరెంటు రావడం లేదు, మీ ఒంటి మీద చేరిన విద్యుత్ ఆవేశమే (ఛార్జ్) దాంట్లోకి దూకుతోంది.

ఇది నాకు పుస్తకంలో కన్నా మిల్లులో బాగా అర్థమైంది. డిప్లొమా అయ్యాక చిలకలూరిపేట దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో చేరాను. మే నెల, పడమటి గాలి వీస్తోంది, మధ్యాహ్నం షిఫ్టు. డ్రాఫ్రేమ్ (దూది పాయలను సాగదీసి సమం చేసే మిషను) నడిపే అక్క ఒకామె వచ్చి "తమ్ముడూ, మిషను షాక్ కొడుతోంది, చెయ్యి పెట్టాలంటే భయమేస్తోంది" అంది. వెంటనే మిషను ఆపించి, మెగ్గర్ (కరెంటు లీకవుతోందా అని చూసే పరికరం) పెట్టి మోటారు చూశాను, ఎర్త్ వైర్లు విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించాను, అంతా బాగానే ఉంది. మిషను వేశాం. ఆమెకు మళ్లీ కొట్టింది. ఆ రోజు నడుస్తున్నది పాలిస్టర్, కాటన్ కలిపిన సరుకు, క్యాన్‌లో పడుతున్న స్లైవర్ (ఇంకా వడకని, తాడులాంటి మెత్తటి పాయ) పోగులు వెంట్రుకల్లా నిక్కబొడుచుకుని ఒకదానికొకటి దూరంగా జరుగుతున్నాయి, రబ్బరు రోలర్లకు చుట్టుకుపోతున్నాయి.

మా ఫోర్‌మన్ గారు వచ్చి మిషను వైపు చూడనే లేదు. నేరుగా గోడకున్న జంట థర్మామీటర్ల దగ్గరికి వెళ్లారు. అందులో ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది, రెండు రీడింగుల మధ్య తేడా ఎంత పెరిగితే గాలి అంత పొడిగా ఉన్నట్టు. మా డిపార్టుమెంటులో తేమ 55 నుంచి 60 శాతం ఉండాలి, అప్పుడు 40 కూడా లేదు. వెళ్లి చూస్తే హ్యుమిడిఫికేషన్ ప్లాంటులో (గాలికి తేమ ఎక్కించేది) నీళ్లు చిమ్మే నాజిల్స్ సగం మూసుకుపోయి ఉన్నాయి. అవి శుభ్రం చేసి నడిపిన గంటకల్లా పోగులు అణిగాయి, ఆ అక్కకు షాకులు ఆగిపోయాయి. మేం ఒక్క వైరు కూడా మార్చలేదు.

రుద్దితే కరెంటు పుడుతుంది అని చిన్నప్పుడు అందరం వింటాం, నా ఉద్దేశంలో గందరగోళమంతా ఆ మాటతోనే మొదలవుతుంది. రాపిడి ఆవేశాన్ని పుట్టించదు. ప్రతి వస్తువులోనూ ధనావేశం, రుణావేశం ముందు నుంచే ఉన్నాయి, రెండూ సరిసమానంగా ఉండటం వల్ల మనకు తెలియవు. రెండు వేర్వేరు పదార్థాలు తాకి విడిపోయినప్పుడు ఒకదాని మీది ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదాని మీదికి వెళ్లిపోతాయి, పోగొట్టుకున్నది ధనం, తెచ్చుకున్నది రుణం. అసలు రుద్దనక్కర్లేదు కూడా, తాకి విడిపోతే చాలు, రుద్దితే తాకే చోట్లు ఎక్కువవుతాయి అంతే. మీరు కుర్చీలో కూర్చున్నంతసేపూ బట్టల మీది ఆవేశం, కుర్చీ మీది వ్యతిరేక ఆవేశం పక్కపక్కనే ఉండి ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి, అందుకే కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు. లేచి దూరం జరిగారో, ఒక వాటా మీతో వచ్చేస్తుంది, ఓల్టేజీ ఒక్కసారిగా పెరుగుతుంది.

ధన, రుణ అనే గుర్తులు 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టినవి. పట్టుగుడ్డతో రుద్దిన గాజు మీద ఉండేదాన్ని ఆయన ధనం అన్నాడు. ఎలక్ట్రాన్ సంగతి జె.జె. థామ్సన్ 1897లో తేల్చేనాటికి ఆ పేర్లు స్థిరపడిపోయాయి, అందుకే నిజంగా కదిలే ఎలక్ట్రాన్‌కు రుణం గుర్తు పడింది. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ ఒక్క ముక్క ముందే చెబితే "ఎక్కువ ఎలక్ట్రాన్లుంటే రుణం ఎలా అవుతుంది?" అనే చిక్కు ఉండదు. ఒకే రకం ఆవేశాలు వికర్షించుకుంటాయి, మా స్లైవర్ పోగులు విచ్చుకున్నది అందుకే. ఆవేశాల మధ్య దూరం సగమైతే బలం నాలుగు రెట్లవుతుందని 1785లో ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ కొలిచి చెప్పాడు.

ఇక తేమ సంగతి. తేమ గాలి ఆవేశాన్ని మోసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. ముఖ్యంగా జరిగేది అది కాదు, వస్తువుల మీద కంటికి కనపడని పల్చటి నీటి పొర ఏర్పడుతుంది, చేరిన ఆవేశం ఆ పొర మీదుగా ఎప్పటికప్పుడు జారిపోతుంది. గాలి పొడిగా ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. మీకు జనవరిలో మొదలైంది, మాకు మండు వేసవిలో జరిగింది, రెండు చోట్లా కారణం చలీ కాదు, వేడీ కాదు, పొడితనం. కాకినాడలోనో విశాఖలోనో చుట్టాలుంటే అడిగి చూడండి, సముద్రపు గాలికి వాళ్లకు ఈ బాధ చాలా తక్కువ.

షాక్ మనకు తెలియాలంటే ఒంటి మీద సుమారు 2,000 నుంచి 3,000 ఓల్టులు ఉండాలి, గట్టిగా చురుక్కుమంటే 10,000 దాకా కూడా ఉండొచ్చు. ఇంటి కరెంటు 230 ఓల్టులే కదా, మరి ఇది ప్రమాదం కాదా అంటారేమో. మనిషి ఒళ్లు పట్టి ఉంచగలిగే ఆవేశం చాలా తక్కువ, 10,000 ఓల్టుల దగ్గర కూడా ఒక కూలుంబ్‌లో (ఆవేశాన్ని కొలిచే ప్రమాణం, ఆ శాస్త్రవేత్త పేరే) పది లక్షల వంతు మాత్రమే. అంటే సుమారు 6 లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు, వినడానికి పెద్ద లెక్కే కానీ అదంతా రెప్పపాటులో వందో వంతు కూడా పట్టకుండా దూకేసి అయిపోతుంది. ఇంటి కరెంటు అలా అయిపోదు, పట్టుకున్నంతసేపూ వస్తూనే ఉంటుంది, ప్రాణం తీసేది అది.

అందుకే దయచేసి ఈ తేడా గుర్తుపెట్టుకోండి. బీరువా లాంటి వైరు లేని వస్తువు ఒక్కసారి చిటుక్కుమని, వెంటనే మళ్లీ ముట్టుకుంటే ఏమీ లేకపోతే అది స్థిర విద్యుత్తు. ఫ్రిజ్, గీజర్, వాషింగ్ మెషిన్ లాంటివి ముట్టుకున్నప్పుడు జుమ్మని తిమ్మిరిగా లాగుతుంటే అది లీకేజీ. సరిగ్గా తేల్చుకుందామని మళ్లీ ముట్టుకోకండి, మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మీ అత్తగారికి చెప్పండి, ఒంట్లో కరెంటు ఎక్కువ ఉండటం అనేది లేదు. చర్మం బాగా పొడిబారినవాళ్లు, సింథటిక్ బట్టలు, రబ్బరు చెప్పులు వేసుకునేవాళ్లు ఆవేశాన్ని ఎక్కువ మోస్తారు, అంతే తేడా. కాటన్ బట్టలు కట్టుకోండి, చేతులకు తేమ నిలిపే క్రీమ్ రాసుకోండి, గదిలో వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టినా కొంత నయం. బీరువా తీసేముందు తాళంచెవిని గట్టిగా పట్టుకుని దాని కొనతో బీరువాను తాకండి. నిప్పురవ్వ తాళంచెవి కొన దగ్గర పడుతుంది, మీ వేలికి నొప్పి తెలియదు. మా ఇంట్లో అందరం ఇదే చేస్తాం.

ఒక్కచోట మాత్రం ఈ చిన్న రవ్వను తేలిగ్గా తీసుకోవద్దు, అది పెట్రోలు దగ్గర. మన వేలి మీంచి దూకే రవ్వలో 5 మిల్లీజౌళ్ల దాకా శక్తి ఉండొచ్చు, పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్రోలు పట్టించొద్దనడానికి ఇదొక ముఖ్యమైన కారణం, లోపల పారే పెట్రోలు మీద చేరిన ఆవేశం ప్లాస్టిక్ గుండా బయటికి పోలేదు. ఈసారి బంకుకు ట్యాంకర్ వచ్చినప్పుడు గమనించండి, పైపు తగిలించే ముందు దానికి ఒక క్లిప్పుతో ఎర్త్ వైరు కలుపుతారు.