చనిపోయిన కణాలు తిరిగి రాకపోయినా మాట ఎలా తిరిగి వస్తోంది?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. నాలుగు నెలల క్రితం బైకు మీద నుంచి పడి తలకు బలమైన దెబ్బ తగిలింది. కొన్ని రోజులు స్పృహ లేదు. కుడి చేయి, మాట రెండూ పోయాయి. ఇప్పుడు చిన్న చిన్న మాటలు పలుకుతున్నాడు, గ్లాసు పట్టుకుంటున్నాడు. చనిపోయిన మెదడు కణాలు మళ్లీ పుట్టవని డాక్టరుగారు చెప్పారు. మరి ఈ మెరుగుదల ఎక్కడి నుంచి వస్తోంది? ఆరు నెలలు దాటితే ఇక మార్పు ఉండదంటున్నారు, నిజమేనా? మెదడుకు బలం మాత్రలు వాడమంటారా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: మీ డాక్టరుగారు చెప్పిందీ నిజమే, మీరు కళ్లారా చూస్తున్నదీ నిజమే. పెద్దవారి మెదడులో చనిపోయిన నాడీకణం స్థానంలో కొత్తది పుట్టడం దాదాపుగా జరగదు. అయితే మాట, చేతి పట్టు, జ్ఞాపకం ఏ ఒక్క కణంలోనూ ఉండేవి కావు. కణానికీ కణానికీ మధ్య సంకేతాలు దాటే సినాప్స్‌ల అల్లికలో ఉంటాయి. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, వాటిలో చాలావాటికి ఒక్కొక్కదానికి వేల సినాప్స్‌లుంటాయి. కణాలు పుట్టకపోయినా, మిగిలినవాటి మధ్య ఈ సంధులు కొత్తగా కుదురుకోగలవు.

తల ఒక్కసారిగా కుదుపుకు లోనైనప్పుడు మెదడులోని పొడవాటి నాడీతంతువులు సాగిపోతాయి. వాటిలో చాలా వరకు అప్పటికప్పుడు కాక, తర్వాతి గంటల్లో, రోజుల్లో తెగుతాయి. గాయపడిన కణాల నుంచి గ్లుటమేట్ అనే రసాయనం మితిమీరి వెలువడి, పక్క కణాల్లోకి కాల్షియం చొరబడేలా చేసి, నేరుగా దెబ్బ తగలని సినాప్స్‌లను కూడా పాడుచేస్తుంది. గాయానికి దూరంగా ఉన్న భాగాలు సైతం తమకు రావలసిన సంకేతాలు ఆగిపోవడం వల్ల కొంతకాలం పనిచేయవు. మొదటి వారాల్లో కనిపించే మెరుగుదలలో ఎక్కువ భాగం వాపు తగ్గి, ఈ భాగాలు తేరుకోవడం వల్ల వచ్చేదే.

ఆ తర్వాత మొదలయ్యేది అసలైన పునర్నిర్మాణం. 1969లో జెఫ్రీ రైస్మన్ అనే శాస్త్రవేత్త ఎలుక మెదడులోని సెప్టల్ కేంద్రాలకు వచ్చే రెండు నాడీమార్గాల్లో ఒకదాన్ని తెంచి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశీలించారు. తెగిన తంతువులు ఖాళీ చేసిన చోట్లను రెండో మార్గపు తంతువులు ఆక్రమించి కొత్త సినాప్స్‌లు ఏర్పరచుకున్నట్టు ఆయనకు కనబడింది. ఎదిగిన మెదడు ఇక మారదన్న నమ్మకం బలంగా ఉన్న కాలమది. జరిగే పని ఇదీ: శిథిలమైన తంతువుల కొసలను మైక్రోగ్లియా వంటి సహాయక కణాలు తొలగిస్తాయి, పక్కనున్న ఆరోగ్యకరమైన తంతువు నుంచి కొత్త కొమ్మ మొలుస్తుంది, అవతలి కణం మీద మిల్లీమీటరులో దాదాపు వెయ్యో వంతు పొడవుండే మొలకలు లేచి సంకేతం కోసం చూస్తాయి. సంకేతం పదే పదే అందిన మొలక స్థిరపడుతుంది, అందనిది తరచుగా ముడుచుకుపోతుంది.

ఇలా మొలిచిన ప్రతి సంధీ మేలు చేయదు. జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్‌లో కొత్త కొమ్మలు తిరిగి తమ సొంత వలయంలోకే చేరితే, ఫిట్స్ రావడానికి అదీ ఒక కారణం కావచ్చని భావిస్తున్నారు. అందువల్ల ఏ సంధులు నిలవాలో నిర్ణయించడంలో వాడకానిదే పెద్ద పాత్ర. 1996లో రాండాల్ఫ్ న్యూడో బృందం కోతుల మెదడులో చేతిని నడిపే చోట చిన్న గాయం చేసింది (అది రక్తప్రసరణ ఆగడం వల్ల కలిగిన గాయం, దెబ్బ కాదు). ఊరికే వదిలేసిన కోతుల్లో గాయం చుట్టూ మిగిలిన చేతి ప్రాంతం కూడా కుంచించుకుపోయింది. చిన్న గుంటల్లోంచి తిండి గుళికలు వేళ్లతో తీయడం సాధన చేసిన వాటిలో ఆ ప్రాంతం నిలిచింది, కొన్నిటిలో మోచేయి, భుజాలకు చెందిన చోటికీ విస్తరించింది.

అలాగని మొదటి రోజు నుంచే బలవంతపు వ్యాయామం మంచిది కాదు. గాయమైన వెంటనే మంచి కాలిని కట్టేసి, చెడిన కాలినే వాడేలా చేసిన ఎలుకల్లో గాయం మరింత పెరిగింది. నాలుగు నెలలు గడిచాయి కాబట్టి మీ తమ్ముడి విషయంలో ఆ భయం అక్కరలేదు. ఎడమ చేయి ఉంది కదా అని ప్రతి పనీ దానికే అప్పగించకుండా, చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం కుడి చేత్తోనే చేయించండి. ఇంట్లోవాళ్లు తొందరపడి ఆయన మాటను తామే పూర్తి చేయకుండా ఆగాలి. వేగంగా మారేది మొదటి ఆరు నెలల్లోనే అయినా, నెమ్మదిగా వచ్చే మెరుగుదల ఏడాది, రెండేళ్ల వరకూ, కొందరిలో ఆపైన కూడా ఉంటుంది. ఆరు నెలలైందని ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ మానేయడమే నేను తరచుగా చూసే నష్టం.

ఇక మాత్రలు. మన దగ్గర ఎక్కువగా రాసే సిటికోలిన్‌ను అమెరికాలో తలకు దెబ్బ తగిలిన 1,213 మందిపై 90 రోజులు పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారికన్నా అదనపు మేలేమీ కనబడలేదు. అదే ఏడాది అమాంటడిన్ అనే మందు కోలుకోవడాన్ని వేగవంతం చేస్తుందని తేలినా, అది స్పృహ ఇంకా సరిగా రాని రోగుల్లో. బలం మాత్రలకు పెట్టే డబ్బు థెరపిస్టు ఫీజుకు పెట్టడమే మేలని నా అభిప్రాయం. ఫిట్స్ రాకుండా ఏదైనా మందు రాసి ఉంటే మాత్రం అది వేరే సంగతి. మనిషి బాగున్నాడు కదా అని న్యూరాలజిస్టును అడగకుండా దాన్ని ఆపవద్దు.