రెండు రూపాయల వడ్డీ నుంచి సున్నా వడ్డీకి: ఏ కార్డు తీసుకోవాలి?

మొన్న ఆదివారం డాలస్‌లో మా ఇంటికి ఓ కొత్త జంట భోజనానికి వచ్చారు. అమెరికా వచ్చి ఏడాదిన్నర అయిందట. భోజనాలయ్యాక అబ్బాయి బ్యాగులోంచి కార్డు స్టేట్‌మెంటు, బ్యాంకుల నుంచి పోస్టులో వచ్చిన రెండు కాగితాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "అన్నా, ఆరు వేల డాలర్ల బాకీ ఉంది. ఈ రెండు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కార్డుల్లో దేనికి అప్లై చేయమంటారు?" అన్నాడు. పాత కార్డు బాకీని కొన్ని నెలలపాటు వడ్డీ లేకుండా తన మీదకు మార్చుకోనిచ్చే కార్డులివి. వచ్చిన కొత్తలో అపార్ట్‌మెంట్ డిపాజిట్, సోఫా, మంచం, పాత కారు రిపేరు, అన్నీ కార్డు మీదే గీకేశారట. కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది ఇదే టెన్షన్‌లో ఉంటారు కాబట్టి వాళ్లకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

స్టేట్‌మెంటులో వడ్డీ ఏడాదికి 24 శాతం. మన ఊళ్ల లెక్కలో నూటికి రెండు రూపాయల వడ్డీ. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవాలంటే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటాం. ఇక్కడ ఏపీఆర్ (ఏడాది వడ్డీ రేటు) అని రాసి ఉంటే మాత్రం పట్టించుకోం. ఆరు వేల మీద నెలకు సుమారు 120 డాలర్లు వడ్డీకే పోతోంది. స్టేట్‌మెంటులోనే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. మినిమమ్ (నెలనెలా తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రమే కడుతూ పోతే బాకీ ఎన్నేళ్లకు తీరుతుందో, మూడేళ్లలో తీర్చాలంటే నెలకెంత కట్టాలో అందులో ఉంటుంది. 2009 నాటి చట్టం ప్రకారం బ్యాంకులు అది చూపించి తీరాలి. దాని మీద వేలు పెట్టి చూపించేసరికి ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది.

ఇక ఆ రెండు కాగితాలు. ఒకటి 15 నెలలు సున్నా వడ్డీ, 3 శాతం ఫీజు. రెండోది 21 నెలలు, 5 శాతం ఫీజు. ఫీజు బాకీలోనే కలుస్తుంది. మొదటిదైతే 6,180 డాలర్లు, నెలకు 412 కడితే గడువులోగా తీరుతుంది. రెండోదైతే 6,300 డాలర్లు, నెలకు సరిగ్గా 300.

"నెలకెంత కట్టగలరు?" అని అడిగాను. "450 కట్టేస్తాం అన్నా" అన్నాడు. అంత కట్టగలిగితే మొదటిదే మంచిది, ఫీజులో 120 డాలర్లు మిగులుతాయి. అమ్మాయి మధ్యలో ఆపింది. "మామయ్యగారికి పంపేది మర్చిపోయావా?" అది తీసేస్తే 300 తేలింది.

కాగితం మీద మళ్లీ లెక్కేశాం. నెలకు 300 చొప్పున మొదటి కార్డుకు కడితే 15 నెలలకు ఇంకా 1,680 మిగిలి ఉంటుంది. దాని మీద అదే 24 శాతం పడితే తీరడానికి మరో ఆరు నెలలు, వడ్డీ దాదాపు 120. ఫీజు 180తో కలిపితే మొత్తం 300. రెండో కార్డు ఫీజు కూడా 300! అంటే వీళ్ల బాకీకి నెలకు 300 దగ్గర రెండూ సమానం. అంతకంటే ఎక్కువ కట్టగలిగినవాళ్లకు తక్కువ ఫీజు కార్డు, ఏ నెలైనా తగ్గేలా ఉన్నవాళ్లకు ఎక్కువ నెలల కార్డు. వచ్చే వేసవిలో అమ్మానాన్నలకు టికెట్లు కొనాలట, అందుకే 21 నెలలదే తీసుకోమన్నాను. మీ బాకీకి ఆ అంకె మీరే వేసుకోవాలి. ఎంత కట్టాలని ఉందో కాదు, ఇంటికి పంపేది పోను ఎంత మిగులుతుందో చూసి వేసుకోండి.

బాకీ ఉన్న బ్యాంకు తన కార్డు నుంచి తన కార్డుకే మార్చనివ్వదు, కాబట్టి వేరే బ్యాంకులోనే అడగాలి. సున్నా వడ్డీ నెలలు చాలా కార్డులకు ఖాతా తెరిచిన రోజు నుంచే లెక్క. ట్రాన్స్‌ఫర్ చేయడానికి కూడా 60 రోజులో 120 రోజులో గడువు ఉంటుంది. అప్లికేషన్‌లోనే పాత కార్డు నంబరు ఇచ్చేయండి. కొన్ని క్రెడిట్ యూనియన్లు (సభ్యులే యజమానులుగా ఉండే సహకార బ్యాంకుల్లాంటివి) ఫీజు లేకుండానే మారుస్తాయి, ముందు అక్కడ కనుక్కోవడం నయం. ఫెడరల్ క్రెడిట్ యూనియన్ల కార్డులకు 18 శాతం మించి వడ్డీ వేయడానికి ప్రస్తుతం వీల్లేదు. అంటే గడువు దాటినా రూపాయిన్నర వడ్డీ.

నేను వచ్చిన కొత్తలో ట్రాన్స్‌ఫర్ అప్రూవ్ అయిందని ఈమెయిల్ రాగానే పాత కార్డుకు కట్టడం ఆపేశాను. డబ్బు అక్కడికి చేరడానికి రెండున్నర వారాలు పట్టింది. మధ్యలో డ్యూ డేట్ దాటిపోయి లేట్ ఫీజు పడింది. పాత కార్డులో బాకీ సున్నా అయినట్టు మీ కళ్లతో చూసేదాకా మినిమమ్ కడుతూనే ఉండండి. ఆ తర్వాతి నెల కూడా మిగిలిన రోజుల వడ్డీ కొంచెం వస్తుంది, అదీ కట్టేయండి.

కొత్త కార్డుతో మాత్రం కిరాణా కూడా కొనకండి. సున్నా వడ్డీ కొనుగోళ్లకు కూడా ఉందని రాసి ఉంటే తప్ప, బాకీ ఉన్నంతకాలం కొన్నదానికి మొదటిరోజు నుంచే వడ్డీ పడుతుంది. పైగా మినిమమ్ పోను మీరు కట్టేది ముందు ఆ కొత్త ఖర్చుకే పోతుంది, పాత బాకీ కదలదు.

బుధవారం ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. కార్డు వచ్చింది గానీ లిమిట్ నాలుగు వేలే. ఇక్కడ క్రెడిట్ హిస్టరీ (అప్పులు తీసుకుని తీర్చిన రికార్డు) చిన్నదైతే ఇలాగే అవుతుంది. ఫీజు కూడా లిమిట్‌లోనే పట్టాలి కాబట్టి 3,800 మార్చి, 190 ఫీజు పోనిమ్మన్నాను. పాత కార్డు మీద 2,200 మిగిలింది. కొత్తదానికి మినిమమ్ 40 డాలర్లు ఆటోపే పెట్టి, మిగతా 260 పాతదానికే కట్టమన్నాను. అలా కడితే పది నెలల్లో పాతది తీరిపోతుంది, అప్పుడు మొత్తం 300 కొత్తదాని మీదకు మళ్లించుకోవచ్చు.