జనరల్ స్థానంలో మళ్లీ నిలబడిన మహిళా సర్పంచ్ తరఫున ప్రచారం ఎలా చేయాలి?

మహిళా రిజర్వేషన్ ఉన్నప్పుడు గెలిచి, రిజర్వేషన్ మారిన తర్వాత కూడా మళ్లీ పోటీ చేస్తున్న సర్పంచ్‌కు మద్దతుగా తిరగాలనుకుంటున్నానని, పని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని మీరు అడిగారు. తెలంగాణలో 2025 డిసెంబరులో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో సరిగ్గా ఇలాంటి అభ్యర్థి వెంటే నేను ఇల్లిల్లూ తిరిగాను. అందుకే గట్టిగా చెబుతున్నాను: ముందుగా ఆవిడ భర్తను ప్రచారంలో వెనక వరుసకు పంపించండి. ఐదేళ్లు పని చేసిన మనిషి గుమ్మం ముందు నిలబడి ఉండగా ఆమె బదులు భర్త మాట్లాడితే, ఆ ఐదేళ్లూ ఎవరు పాలించారన్న అనుమానం ఓటరుకు మనమే కలిగించినవాళ్లం అవుతాం.

మా అభ్యర్థి 2019 జనవరిలో మహిళలకు కేటాయించిన స్థానం నుంచి గెలిచారు. మొక్కల నర్సరీ, వైకుంఠధామం (ఊరి శ్మశానవాటిక), చెత్త బండి వంటి పనులన్నీ ఆమె హయాంలోనే జరిగాయి. ఈసారి ఆ స్థానం జనరల్ అయింది. జనరల్ స్థానంలో ఆడవాళ్లు కూడా పోటీ చేయవచ్చని చట్టం స్పష్టంగా చెబుతున్నా, అది మగవాళ్లకు తిరిగి దక్కిన స్థానమన్నట్టే ఊళ్లో చాలామంది మాట్లాడారు.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూడగానే, "గీసారి జనరలయింది గదా బిడ్డా, మళ్లెందుకు నిలబడుతున్నవ్? మా ఇంటి ముందర మోరీ అయితే అట్లనే ఉన్నది" అన్నారు. మాలో ఒకరు వెంటనే ఆమె చేసిన పనులు ఏకరువు పెట్టబోయారు. ఆమె చేత్తో వారించి, ఆ మోరీ (మురుగు కాలువ) దగ్గరికి స్వయంగా నడిచి వెళ్లి చూసి వచ్చి, ఆయన పక్కనే కూర్చున్నారు. దానికి అంచనాలు తయారయ్యాయని, ఇంతలో 2024 జనవరితో పాలకవర్గం గడువు ముగిసిందని, అప్పటి నుంచి దాదాపు రెండేళ్లు ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారి పాలనే నడిచిందని, ఎన్నికైన పాలకవర్గం లేనప్పుడు కేంద్రం నుంచి రావలసిన ఆర్థిక సంఘం నిధులు కూడా ఆగిపోతాయని ఓపికగా చెప్పారు. అప్పు తెచ్చి చేయించిన పనుల బిల్లులు ఇంకా రాలేదని కూడా దాచకుండా చెప్పారు. పెద్దాయన చాలాసేపు విని, చివరికి "మరి నీ గుర్తేంది?" అని అడిగారు.

ఆ ఒక్క ప్రశ్న కోసమే ప్రచారకులు తిరగాలి. సర్పంచ్ ఎన్నిక పార్టీల గుర్తుల మీద జరగదు. గులాబీ రంగు బ్యాలెట్ పత్రం మీద అభ్యర్థి పేరు కూడా ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది. ఆ గుర్తు నామినేషన్ల ఉపసంహరణ పూర్తయ్యాక గానీ కేటాయించరు కనుక, పోలింగుకు మిగిలేది ఇంచుమించు ఒక వారమే. ఎంత మంచి పేరున్న సర్పంచ్ అయినా, పోయినసారి గుర్తే ఓటరు మనసులో ఉండిపోతే ఆ పేరు పెట్టెలోకి చేరదు. పైగా పోలింగు ఉదయం 7 గంటలకు మొదలై మధ్యాహ్నం 1 గంటకే ముగుస్తుంది. కూలికి వెళ్లేవాళ్లకు, వృద్ధులకు గుర్తుతో పాటు ఈ వేళలు కూడా ముందుగానే చెప్పి ఉంచాలి. ఈ పనికి డీజే బండ్లు, నిలువెత్తు ఫ్లెక్సీలు ఏమాత్రం పనికిరావు. 5,000 పైగా జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి రెండున్నర లక్షలు, అంతకన్నా చిన్న ఊళ్లో లక్షన్నర మాత్రమే అయినప్పుడు, ఆ సొమ్మును చప్పుడుకు తగలేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

సర్పంచ్ పదవిని వేలం వేసి, దానికి ఏకగ్రీవమని పేరు పెట్టే ఊళ్ల మీద నాకు ఇంతకన్నా ఎక్కువ కోపం ఉంది. అలాంటి చోట మళ్లీ పోటీ చేసే వ్యక్తి ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు, ఎవరి మోరీ దగ్గరికీ నడవనక్కర్లేదు. మీ ఊళ్లో అలాంటి ప్రతిపాదన వస్తే, మీ అభ్యర్థికే లాభం కలిగేలా ఉన్నా సరే, ఒప్పుకోకండి.

2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినప్పుడు ఒకే రిజర్వేషన్ వరుసగా రెండు విడతలు కొనసాగాలని అందులో రాశారు. ఆ నిబంధన తర్వాత నిలవలేదు గానీ, నా దృష్టిలో అదే న్యాయమైనది. మొదటిసారి గెలిచిన మహిళకు చెక్కుల వ్యవహారం, గ్రామసభ నిర్వహణ, మండల కార్యాలయంలో పని జరిపించుకునే తీరు ఒంటబట్టడానికే చాలా కాలం పడుతుంది. తీరా పని చేతికి వచ్చే వేళకు స్థానం మారిపోతే, ఆమె మళ్లీ నిలబడడానికి మొదటిసారి కన్నా ఎక్కువ ధైర్యం కావాలి. మీ సర్పంచ్ ఆ ధైర్యం చేశారు కాబట్టి, ఆవిడ చేసిన పనులు, చేయలేకపోయిన పనులు రెండూ ఒకే కాగితం మీద రాయించి, ఆ కాగితం ఆవిడ చేతికే ఇచ్చి, రేపటి నుంచే బయలుదేరండి.