పోయినట్టే పోయి మళ్ళీ వచ్చే తామర

ప్రశ్న: మావారు కర్మాగారంలో పనిచేస్తారు. వేసవిలో ఆయనకు గజ్జల్లో గుండ్రటి ఎర్ర మచ్చ లేచి విపరీతమైన దురద పెట్టింది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గింది, ఆపగానే ఇంకా పెద్దదై వచ్చింది. ఇప్పుడు నాకు లంగా బొందు కట్టే చోట, మా పాపకు మెడ మీద కూడా మొదలైంది. రక్తం చెడిందని అత్తగారు అంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది తామర అనిపిస్తోంది. అయితే చర్మవ్యాధుల వైద్యులు చూసి, అవసరమైతే పొలుసును గీకి సూక్ష్మదర్శిని కింద పరీక్షించి నిర్ధారించాలి. రక్తం చెడడానికీ దీనికీ సంబంధం లేదు. చర్మం పై పొరలోని కెరటిన్ అనే ప్రొటీన్‌ను తిని బతికే శిలీంధ్రం దీనికి కారణం. సముద్రపు తేమతో చెమట ఆరని విశాఖలో, బట్ట ఒరుసుకునే మడతల్లో అది సులువుగా పెరుగుతుంది, ఒకరి తువ్వాలు మరొకరు వాడితే ఇల్లంతా పాకుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ ట్యూబు. చీటీ లేకుండా అమ్మే ఇలాంటి పూతల్లో చాలావాటిలో శిలీంధ్రాన్ని చంపే మందుతో పాటు క్లోబెటసాల్ వంటి బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ వాపును, ఎరుపును అణచివేయడం వల్ల దురద తగ్గి, రోగం నయమైందన్న భ్రమ కలుగుతుంది గానీ, చర్మపు రక్షణ సన్నగిల్లడంతో శిలీంధ్రం లోపల నిరాటంకంగా విస్తరిస్తుంది. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి, మానని చారలు పడతాయి. పైగా, మన దేశంలో విస్తరించి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పొందిన శిలీంధ్ర రకం, తామరకు మామూలుగా వాడే టెర్బినఫిన్ అనే మందుకు తరచుగా లొంగడం లేదు. అందుకే పక్కింటివారికి పనిచేసిన మాత్ర మీకూ పనిచేస్తుందని అనుకోవద్దు.

ఆ ట్యూబును వెంట తీసుకుని, ముగ్గురూ ఒకేసారి డాక్టరును కలవండి. ఒక్కరు మిగిలినా అది మళ్ళీ అందరికీ అంటుకుంటుంది. రాసిచ్చిన పూతను మచ్చ మీదే కాక అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు పట్టించాలి, మచ్చ కనబడకుండా పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళు, సాధారణంగా మరో రెండు వారాలు, కొనసాగించాలి. మీరు గర్భవతి అయినా, ఎవరికైనా కాలేయ సమస్య ఉన్నా ముందే చెప్పండి. లోదుస్తులు, తువ్వాళ్ళు, దుప్పట్లు విడిగా వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. డ్యూటీ నుంచి రాగానే స్నానం చేసి, మడతలను పొడిగా తుడుచుకుని, వదులైన నూలు బట్టలు వేసుకోవాలని మీవారికి చెప్పండి.

పాప తలలో ఎక్కడైనా జుట్టు ఊడి పొలుసులు కనిపిస్తే ఆ సంగతి తప్పక చెప్పాలి. శిలీంధ్రం వెంట్రుకల కుదుళ్ళలోకి దిగుతుంది కనుక తలలో తామరకు పూత చాలదు, నోటి మందు కావాలి.