కామిక్స్ గీసే అమ్మాయిని యానిమేషన్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి. గ్రాఫిక్ నవలలు, అంటే కామిక్స్ రూపంలో సాగే పెద్ద కథలు, గీయడమే తన వృత్తి అంటోంది. చదువు దెబ్బతింటుందని ఆమె బొమ్మల పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. యానిమేషన్ డిగ్రీ, ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఇంట్లోనే నేర్చుకోవడం, వీటిలో ఏది మేలు? తను గీసిన రెండు పేజీలు జతచేస్తున్నాను.

జవాబు: అమ్మా, కోర్సు సంగతి అడిగారు గానీ, మీ ఉత్తరంలో ప్రతి వాక్యం వెనుకా ఉన్న దిగులు ఒక్కటే: ఈ పిల్ల తన కాళ్ల మీద తాను నిలబడగలదా అని. ముందుగా దానికే జవాబు చెబుతాను. కామిక్స్ ఒక్కదాని మీదే మొదటి నుంచీ బతికేవారు తక్కువే. చాలామంది పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తూ, సినిమాలకు స్టోరీబోర్డులు (సన్నివేశాల వరుస బొమ్మలు) గీస్తూ, పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో తమ పుస్తకం పూర్తి చేసుకుంటారు. అమెరికన్ కామిక్స్ కళాకారుడు ఆర్ట్ స్పీగెల్‌మన్ గ్రాఫిక్ నవల ‘మౌస్’ 1980లో ధారావాహికగా మొదలై 1991లో గానీ ముగియలేదు. ప్రత్యేక పులిట్జర్ బహుమతి వచ్చింది 1992లో. ఆ మధ్య కాలంలో ఆయన చాలా ఏళ్లు కళాశాలలో బోధించారు, ఒక చూయింగ్ గమ్ కంపెనీకి కార్డులు, స్టిక్కర్లు రూపొందించారు. దాన్ని ఓటమి అని ఎవరూ అనలేదు. మీ అమ్మాయి జీవితం కూడా అలా రెండు పనుల మధ్య గౌరవంగానే సాగవచ్చు.

ఆమె పేజీలు శ్రద్ధగా చూశాను. తలుపు దగ్గర ముసలాయన, గడియ మీద ఆయన చెయ్యి, తరువాతి ప్యానెల్‌లో, అంటే పక్క గడిలోని బొమ్మలో, ఎవరూ లేని గది. వేళ్లు సరిగా కుదరలేదు, అది సాధనతో వస్తుంది. ఆయన వెళ్లిపోవడాన్ని గీయకుండా రెండు ప్యానెళ్ల మధ్య ఖాళీకి వదిలేసిందే, ఆ తెలివి మాత్రం అందరికీ సులభంగా అబ్బదు. రెండో పేజీలో ఒక పొరపాటు ఉంది: ముందుగా మాట్లాడే మనిషిని కుడివైపు నిలబెట్టడం వల్ల, ఎడమ నుంచి చదివే మనకు ప్రశ్న కంటే ముందే జవాబు వినిపిస్తోంది. అసలు పేజీ మొదలుపెట్టే ముందు అరచేతిలో పట్టేంత చిన్న నమూనా గీసుకుంటే ఇలాంటివి అక్కడే దొరికిపోతాయి.

యానిమేషన్ మీద ఇప్పుడున్న మోజు గురించి నా అనుమానాలు దాచుకోను. సెకనుకు 24 ఫ్రేములుగా కదలికను విడగొట్టడం అక్కడ నేర్పుతారు. ఆ ఇరవై నాలుగింటిలో ఏ ఒక్కదాన్ని ఉంచాలో తేల్చుకోవడం కామిక్స్ విద్య. బొమ్మ గీయడం రెండింటికీ అవసరమే అయినా, ఒకదాని డిగ్రీ రెండోదానికి దారి అనుకుని చేరి, మూడేళ్లు సాఫ్ట్‌వేర్‌తోనే గడిపి, ఒక్క కథా పూర్తి చేయకుండా బయటికి వచ్చిన పిల్లలను నేను చూశాను. ఫోన్‌లో చదివే వెబ్‌టూన్ల సంగతీ అంతే. వారం వారం పదుల కొద్దీ రంగుల ప్యానెళ్లు ఇవ్వాల్సిన ఆ పనికి పేరున్నవారే సహాయకులను పెట్టుకుంటారు. పదిహేడేళ్ల పిల్ల ఒంటరిగా ఆ వేగం అందుకోబోతే ముందు మణికట్టు పోతుంది, ఆ వెనుకే ఇష్టమూ పోతుంది.

మనుషులను ఎదురుగా కూర్చోబెట్టి గీయించే ఫైన్ ఆర్ట్స్ వైపే నా మొగ్గు. 1976లో అమెరికాలో కామిక్స్ చిత్రకారుడు జో క్యూబర్ట్ స్థాపించినటువంటి కామిక్స్ పాఠశాలలు ప్రపంచంలో కొద్దిచోట్లే ఉన్నాయి. ఇంట్లో నేర్చుకోవడమూ సాధ్యమే, తప్పులు చూపే మనిషి ఒకరుంటే.

ఇక ఆ తాళం సంగతి. జపాన్ కామిక్స్ దిగ్గజం ఒసాము తెజుకా వైద్యవిద్య పూర్తి చేశాకే కామిక్స్ వైపు వెళ్లారని తల్లిదండ్రులు నాకు తరచూ చెబుతుంటారు. ఆయన వైద్యవిద్య పూర్తయినది 1951లో. ఆయన కామిక్స్ అచ్చయినవి 1946 నుంచే. చదువుతూనే గీశారు, ఎవరూ బీరువాలో పెట్టలేదు. భయపడింది మీరు, శిక్ష పడింది ఆమెకు. ఇది న్యాయం కాదమ్మా. ఈ రోజే ఆ పుస్తకాలు ఆమె చేతికివ్వండి, పరీక్షల రోజుల్లో ఎంతసేపు గీయాలో ఆమెనే చెప్పనివ్వండి.

పరీక్షలయ్యాక ఎనిమిది పేజీల కథ ఒకటి, మాటల బుడగలతో సహా, పూర్తి చేయమనండి. దాన్ని ఆమెతో పరిచయం లేని ఒకరికి ఇచ్చి, పక్కన కూర్చుని ఏమీ వివరించకుండా, వారు ఏ పేజీలో వెనక్కి తిప్పి చూశారో గుర్తుపెట్టుకోమనండి. ఆ పేజీలు నాకు పంపితే, ఏ కళాశాలకు దరఖాస్తు చేయాలో అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.