టెక్ సందేహాలు: టిక్కుటిక్కుమంటున్న హార్డ్ డిస్క్‌ను ఫార్మాట్ చేయించవచ్చా?

కావలి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఇలా రాశారు: ‘మా ఇంట్లో తొమ్మిదేళ్ల కిందట కొన్న డెస్క్‌టాప్ ఉంది. విండోస్ 10తో నడుస్తుంది. నెల రోజులుగా అది తెరుచుకోవడానికే పావుగంట పడుతోంది. ఫొటోల ఫోల్డర్ తెరిస్తే తెర బిగుసుకుపోతోంది. సీపీయూ లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోంది. షాపులో చూపిస్తే, ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేస్తే సరిపోతుందన్నారు. అందులో పన్నెండేళ్ల ఫొటోలున్నాయి. చనిపోయిన మా ఆవిడ పాడిన మంగళహారతుల రికార్డింగులున్నాయి. వేరే ఎక్కడా కాపీ లేదు. ఫార్మాట్ చేయించమంటారా?’

మాస్టారూ, చేయించకండి. ఇది చదివే సమయానికి కంప్యూటర్ ఆన్ చేసి ఉంటే ముందు దాన్ని ఆపేయండి. మిగతా జవాబు ఆ తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

నెమ్మదించడం ఒక్కటే అయితే నేనింత తొందరపెట్టేవాణ్ణి కాదు. ర్యామ్ చాలకపోయినా, వెనకాల అప్‌డేట్లు నడుస్తున్నా, వైరస్ చేరినా కంప్యూటర్ నెమ్మదిస్తుంది. కానీ ఒక ఫోల్డర్ దగ్గరికి రాగానే బిగుసుకుపోవడం, దానికి చప్పుడు తోడవడం చూస్తే అనుమానం నేరుగా హార్డ్ డిస్క్ మీదికే పోతుంది. డిస్క్ లోపల అద్దంలాంటి గుండ్రటి పళ్లేలు నిమిషానికి 7200 సార్లు, కొన్నింటిలో 5400 సార్లు తిరుగుతుంటాయి. వాటి మీదున్న సమాచారాన్ని చదివే హెడ్, పళ్లేన్ని తాకకుండా, తలవెంట్రుక మందంలో వెయ్యోవంతు కన్నా తక్కువ ఎడంలో తేలుతూ ఉంటుంది. చదవలేకపోయినప్పుడు అది వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నిస్తుంది. మీకు వినిపిస్తున్న టిక్కు చాలావరకు ఆ ప్రయత్నమే. అదే హెడ్ ఒకసారి పళ్లేన్ని గీరిందంటే, రాలిన పొడి మళ్లీ దాని కిందికే చేరి మరోచోట గీరుతుంది. ఈ స్థితిలో ఉన్న డిస్క్ ఇంకా ఎన్ని గంటలు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, మిగిలిన ఆ కొద్ది గంటలనూ కాపీ తీసుకోవడానికే ఖర్చు పెట్టాలి తప్ప విండోస్ ఎందుకు ఆలస్యమవుతోందో కనుక్కోవడానికి కాదు.

షాపువారు చెప్పినది విండోస్ పాడైన కంప్యూటర్‌కు సరైన వైద్యమే. మీ కంప్యూటర్ జబ్బు వేరు. మామూలు ఫార్మాట్ అంటే పుస్తకంలోని విషయసూచికను చింపి కొత్త కాగితం అతికించడం. పాఠాలు అప్పటికప్పుడు పోవు. ఆ తర్వాత విండోస్ వేసినప్పుడు మాత్రం 20 జీబీకి తక్కువ కాని కొత్త సమాచారం పాత పాఠాల మీదే వచ్చి కూర్చుంటుంది, దాని కింద పడిన ఫొటోను ఎంత పెద్ద ల్యాబ్ అయినా తిరిగి తీయలేదు. ఇంత చేసినా డిస్క్ బాగుపడదు. ‘చెక్‌డిస్క్’ నడపమని ఎవరైనా చెప్పినా వద్దనండి. అది ఫైళ్ల అమరికను సరిచేసే సాధనమే కానీ ఫైళ్లను కాపాడే సాధనం కాదు; పైగా డిస్క్ మొత్తాన్ని గంటల తరబడి చదివిస్తుంది.

ఇక చేయవలసిన పని. ప్లగ్గు తీసి, సీపీయూ పక్క పలక విప్పి, హార్డ్ డిస్క్‌కు తగిలించిన రెండు కేబుళ్లను ఒకసారి ఊడదీసి గట్టిగా బిగించండి. కేబుల్ వదులైనా బిగుసుకుపోవడం జరుగుతుంది, ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. తర్వాత కంప్యూటర్ ముట్టకుండా ఒక కాగితం తీసుకుని, ఏ ఫైళ్లు పోతే మళ్లీ రావో వాటిని వరసగా రాసుకోండి. మొదటి పేరు మీ శ్రీమతిగారి పాటలే కావాలి. రికార్డింగులు చిన్న ఫైళ్లు, నిమిషాల్లో కాపీ అవుతాయి. వాటి తర్వాత ఫొటోలు, ఆ తర్వాత వీడియోలు. దిగుమతి చేసుకున్న సినిమాలు, పాటలు, సాఫ్ట్‌వేర్లు జాబితాలోకే రాకూడదు. పింఛను కాగితాలు పోయినా కార్యాలయం నుంచి మళ్లీ తెచ్చుకోవచ్చు కనుక అవి చివర్లో ఉన్నా ఫర్వాలేదు.

ఒక టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనండి. కాపీని విండోస్‌లోకి వెళ్లి తీయడం కన్నా, ఉబుంటు (విండోస్‌కు బదులు వాడుకోదగిన ఉచిత వ్యవస్థ) వేసిన పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను తెరిచి తీయడం మేలు. విండోస్ నడిచినంతసేపూ ఆ జబ్బు డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. ఉబుంటు పెన్‌డ్రైవ్ మీద నుంచే నడుస్తుంది కనుక డిస్క్‌కు ఆ భారం తప్పుతుంది. పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌లో తయారుచేయించుకోండి. తెరుచుకున్నాక ‘ప్రయత్నించు’ అన్నదాన్నే ఎంచుకోవాలి, ‘ఇన్‌స్టాల్’ వైపు వెళ్లకూడదు. డిస్క్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తానని ఉబుంటు చెబితే సంతోషించండి, మనకు కావలసింది అదే. అసలు తెరవనంటే రిపేరు ఆదేశాలేవీ ఇవ్వకుండా తెలిసినవారి సాయం తీసుకోండి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను వెనకవైపు నీలం రంగు యూఎస్‌బీ పోర్టుకు తగిలించండి. పాత రకం పోర్టులో సెకనుకు సుమారు 30 ఎంబీకి మించి వేగం రాదు. ఆ లెక్కన 300 జీబీకి, డిస్క్ ఆరోగ్యంగా ఉన్నా, దాదాపు మూడు గంటలు పడుతుంది.

పెద్ద ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి లాగకండి. ఏడాదికొకటిగా, పండుగకొకటిగా చిన్న ఫోల్డర్లు కాపీ చేయండి. ఒక ఫైలు దగ్గర ఆగిపోతే దాని కోసం పోరాడకుండా వదిలేసి తర్వాతిదానికి వెళ్లండి. మొండికేసిన ఒక్క ఫొటో కోసం అరగంట డిస్క్‌ను గుంజితే, దాని వెనకున్న వెయ్యి ఫొటోలు చేజారవచ్చు. ఈ పని షాపులో చేయించదలిస్తే ‘ముందు డీడీ-రెస్క్యూతో డిస్క్‌ను మరో డిస్క్‌కు ఉన్నదున్నట్టు క్లోన్ చేయండి, ఏం వెతికినా ఆ క్లోన్‌లో వెతకండి’ అని స్పష్టంగా చెప్పండి. ఆ ఉచిత సాఫ్ట్‌వేర్ బాగున్న భాగాలన్నింటినీ మొదట తీసుకుని, పాడైన చోట్లను గుర్తుపెట్టుకుని చివర్లో తిరిగి వస్తుంది. మీ స్థితికి నాకు తెలిసినంతలో అంతకన్నా తగిన సాధనం లేదు.

తెరుచుకోకముందే డిస్క్ గరగరమన్నా, విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెర బయోస్‌లో దాని పేరే కనిపించకపోయినా ఇంట్లో ప్రయత్నాలు అక్కడితో ఆపండి. డిస్క్‌ను విప్పకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. డేటా రికవరీ ల్యాబ్‌లు చెన్నై, హైదరాబాద్ వంటి నగరాల్లో ఉన్నాయి. ఖర్చు వేలల్లో ఉంటుంది కనుక, విప్పకముందే పరిశీలన రుసుము ఎంతో, ఏమీ రాకపోతే ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి. మీ పిల్లలు, బంధువుల ఫోన్లలో మీరెప్పుడో వాట్సాప్‌లో పంపిన ఫొటోలు ఉండవచ్చు, అడగండి. వాటి నాణ్యత తగ్గి ఉంటుంది, అయినా ఉన్నంత వరకు పదిలమే.

కాపీ అయ్యాక పాత డిస్క్‌ను పారేయకుండా పక్కన పెట్టి, తిరిగే పళ్లేలు లేని కొత్త రకం డిస్క్ ఎస్‌ఎస్‌డీ వేయించండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. తొమ్మిదేళ్ల నాటి ప్రాసెసర్లు చాలావరకు విండోస్ 11 అర్హతల జాబితాలో లేవు. మీ అవసరాలకు ఆ కంప్యూటర్‌లో ఉబుంటునే ఉంచుకున్నా చక్కగా సరిపోతుందని నా అభిప్రాయం.

చప్పుడు రాని కంప్యూటర్లున్న పాఠకులు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నెలకోసారి డిస్క్ ఆరోగ్యం చూసుకోవచ్చు. నీలం రంగు ఉంటే మంచిది. పసుపు కనిపించిన రోజే కాపీ తీయాలి. 05, సీ5, సీ6 అన్న వరసల్లో చివరి గడిలోని సంఖ్య సున్నా దాటి పెరుగుతూ పోతోందంటే డిస్క్‌లో పాడైన చోట్లు పెరుగుతున్నాయని అర్థం. ఎస్‌ఎస్‌డీ మాత్రం చాలాసార్లు ఏ సూచనా లేకుండా ఒక్కసారిగా ఆగిపోతుంది, అందుకని దాని మౌనాన్ని నమ్మకూడదు.

ఒంగోలులో డీటీపీ సెంటర్ నడుపుతున్న ఒక సోదరి రాశారు: ‘పెళ్లిపత్రికలు, కరపత్రాల పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. నిన్నటి నుంచి అది పెట్టగానే ఫార్మాట్ చేయమని అడుగుతోంది. డీ డ్రైవ్‌లో కొన్ని కాపీలున్నాయి. అది బ్యాకప్ కిందికి వస్తుందా?’

అమ్మా, ఫార్మాట్ అన్న ప్రశ్నకు ‘క్యాన్సిల్’ నొక్కి ఆ పెన్‌డ్రైవ్‌ను బయటికి తీయండి. దాని మీద ఇక ఏమీ రాయకూడదు. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫోల్డర్లు పేర్లతో సహా కనిపించే అవకాశం ఉంది. అది ఫలించకపోతే దాని జంట సాఫ్ట్‌వేర్ ఫొటోరెక్ ఉంది కానీ, అది ఫైళ్లను పేర్లు లేకుండా, ఫోల్డర్లు లేకుండా కుప్పగా తెస్తుంది. ఏది ఎవరి పెళ్లిపత్రికో ఒక్కొక్కటి తెరిచి చూసుకోవాలి. దేనితో తీసినా, తీసినవాటిని అదే పెన్‌డ్రైవ్‌లో కాక వేరే డిస్క్‌లో దాచండి. కాపీ పూర్తవకముందే పెన్‌డ్రైవ్‌ను లాగేయడం, పని మధ్యలో కరెంటు పోవడం ఇలాంటి ఇబ్బందికి తరచుగా కారణమవుతాయి.

సీ డ్రైవ్, డీ డ్రైవ్ సాధారణంగా ఒకే డిస్క్‌లోని రెండు గదులు. ఇల్లు కూలితే రెండూ కూలతాయి. కాబట్టి మీ డీ డ్రైవ్ బ్యాకప్ కాదు. విండోస్ పాడైనప్పుడు మాత్రమే అది పనికొస్తుంది.

మీ వృత్తిలో మరో చిక్కుంది, దాన్ని మిగతావాళ్లు గమనించరు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ చివరి కూర్పు 2001లో వచ్చింది. ‘అను’ తెలుగు ఫాంట్లతో కూర్చిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. లింకు చేసిన బొమ్మలు వేరే ఫోల్డర్‌లో ఉండిపోతే వాటి స్థానంలో మసక నీడలే మిగులుతాయి. అందువల్ల ఫైలుతోపాటు బొమ్మలను, ఫాంట్లను, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లను కూడా ఒకేచోట కాపీ చేసుకోండి. అచ్చుకు పంపిన ప్రతి పనికీ ఒక పీడీఎఫ్ చేసి పక్కన ఉంచండి. రేపు పేజ్‌మేకర్ నడిచే కంప్యూటర్ దొరకకపోయినా ఆ పీడీఎఫ్ తెరుచుకుంటుంది.

విడవలూరు మండలం నుంచి రొయ్యల చెరువులు సాగుచేసే ఒక రైతు అడిగారు: ‘మేత, మందులు, పట్టుబడి లెక్కలన్నీ ఎక్సెల్‌లో రాసి గూగుల్ డ్రైవ్‌లో ఉంచాను. మా అబ్బాయి ఫోన్‌లో స్థలం చాలట్లేదని ఆ ఫోల్డర్ తీసేస్తే కంప్యూటర్‌లో కూడా మాయమైంది. క్లౌడ్‌లో పెడితే పోదన్నారు కదా?’

ముందు గూగుల్ డ్రైవ్‌లోని ట్రాష్ (చెత్తబుట్ట) తెరవండి. తీసేసిన ఫైళ్లు అక్కడ 30 రోజులుంటాయి, ఆ గడువులోగా తిరిగి పెట్టుకోవచ్చు. ఫైలు ఉండి, లోపలి లెక్కలు చెడిపోతే దాని పాత కూర్పులను తెరిచి చూడవచ్చు.

మీకు చెప్పినవారు సింక్‌నే బ్యాకప్ అనుకున్నారు. సింక్ చేసే పని అన్ని చోట్లా ఒకేలా ఉంచడం. ఒకచోట తీసేస్తే అన్నిచోట్లా తీసేయడమూ దాని ధర్మంలోదే. బ్యాకప్ అంటే ఒక చోట జరిగిన పొరపాటు మరో చోటికి చేరకుండా విడిగా ఉన్న కాపీ. పట్టుబడి ముగిసిన ప్రతిసారీ ఆ లెక్కల ఫైలును తేదీ పేరుతో ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్‌ను కంప్యూటర్ నుంచి ఊడదీసి పెట్టండి. తగిలించి ఉంచిన డిస్క్‌కు, డబ్బు కోసం ఫైళ్లను బిగించే ర్యాన్సమ్‌వేర్ వైరస్ కంప్యూటర్‌తో పాటే తాళం వేసేస్తుంది. ఇంకో మాట, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, ఫొటోలు కూడా కలిసే ఉంటాయి. అది నిండితే కొత్త లెక్కలు పైకి ఎక్కవు.

సింగరాయకొండ పాఠకునికి: కంప్యూటర్ తేదీ ప్రతి ఉదయం ఏళ్ల వెనక్కి పోవడానికి, వెబ్‌సైట్లు భద్రంగా లేవని చెప్పడానికి ఒకే కారణం ఉంది. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు గడువు తేదీలుంటాయి కనుక తేదీ తప్పితే అవన్నీ చెల్లనట్లే కనిపిస్తాయి. గడియారాల దుకాణంలోనూ ఆ బ్యాటరీ దొరుకుతుంది. ఫైళ్లకు ప్రమాదం లేదు.

చివరిగా కొత్తపట్నం నుంచి ఒక ప్రశ్న: ‘మాది సముద్రతీరం. ఇంట్లో రెండు కాపీలు పెట్టుకున్నాం, అవి చాలవా?’

చాలవు. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు నీళ్లొచ్చినప్పుడు మా బంధువుల ఇంట్లో కంప్యూటర్ నేల మీద, బ్యాకప్ డిస్క్ బీరువా కింది అరలో ఉన్నాయి. రెండూ ఒకే రాత్రి తడిశాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన వారం ఆ ఇంటివాళ్లు నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, డిస్క్‌ను ఏ ఊరు పంపమంటారని. మీరు కూడా ఒక కాపీని లోతట్టు ఊరిలో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి, ముఖ్యమైన కొద్ది ఫైళ్లను క్లౌడ్‌లోనూ పెట్టండి. ఉప్పుగాలి తగలకుండా డిస్క్‌ను తేమ పీల్చే సిలికా పొట్లాంతో కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టి, డబ్బా మీద తేదీ రాయండి. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా దాచడానికి పెన్‌డ్రైవ్, ఎస్‌ఎస్‌డీ తగవు. తిరిగే పళ్లేల డిస్కే మేలు. ఆర్నెల్లకోసారి, ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి అనుకోండి, దాన్ని తెప్పించి నాలుగైదు ఫొటోలు, ఒక వీడియో చివరిదాకా తెరిచి చూసి, కొత్తవి చేర్చి తిరిగి పంపండి.