టెక్ సందేహాలు: చుక్క వెలుగుతోంది కదా అని నమ్మేయొచ్చా?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో నాలుగు రైఫిల్ సైట్ల గురించే, అంటే తుపాకీ మీద బిగించి గురి చూసుకునే పరికరాల గురించి. రెడ్ డాట్, హోలోగ్రాఫిక్ అనేవి వాటిలో రెండు రకాలు, లోపల వెలిగే గుర్తుని లక్ష్యం మీద పెట్టి కాలుస్తారు. ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ వచ్చే వారం చూద్దాం.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. నెలకోసారి ఫ్రెండ్స్‌తో షూటింగ్ రేంజ్‌కి వెళ్తుంటాం. ఒకతను తన పాత ఈఓటెక్ హోలోగ్రాఫిక్ సైట్ సగం ధరకి ఇస్తానంటున్నాడు. మామూలు రెడ్ డాట్‌కైతే బ్యాటరీ 50,000 గంటలు వస్తుందని రాస్తున్నారు. అది నిజమేనా? ఏది గట్టిది?

బ్యాటరీ సంగతి ముందు తేల్చేద్దాం. నిజమే. స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ వాళ్ల చిన్న సైట్లు ఒక్క సీఆర్2032 బటన్ సెల్ మీద ఆ లెక్క చెప్తాయి. అంటే ఆపకుండా అయిదున్నరేళ్లకు పైనే. ఆ సెల్‌లో ఉండేది దాదాపు 225 మిల్లీయాంప్ అవర్లు, దాన్ని 50,000తో భాగిస్తే ఆ ఎల్ఈడీ తాగేది నాలుగున్నర మైక్రోయాంప్‌లే, గోడ గడియారం ఇంతకంటే ఎక్కువ తాగుతుంది. కాకపోతే ఆ అంకె మధ్యస్థం వెలుతురుకి చెప్పింది, మిట్టమధ్యాహ్నం టెక్సస్ ఎండలో చుక్క కనబడాలని ఫుల్లుగా పెంచి వదిలేస్తే ఆ ఏళ్లు బాగా కరిగిపోతాయి.

హోలోగ్రాఫిక్ సైట్ కథ వేరు. అందులో ఎల్ఈడీ ఉండదు, లేజర్ ఉంటుంది, పైగా అది హోలోగ్రామ్‌ని, అంటే అద్దంలో నమోదు చేసిన గురి గుర్తు బొమ్మని, వెలిగించాలి. అందుకే దాదాపు 1500 మిల్లీయాంప్ అవర్ల సీఆర్123 సెల్ వేసినా సుమారు వెయ్యి గంటలే. దాన్ని లోపం అనను, ఆ టెక్నాలజీ ఖరీదు అంతే.

నాకు బ్యాటరీ గురించి టెన్షన్ లేదు. బ్యాటరీ అయిపోతే చుక్క ఆరిపోతుంది, మీకు వెంటనే తెలుస్తుంది, పక్కనున్న ఐరన్ సైట్లతో, అంటే బ్యాటరీ లేని మామూలు గురి కొమ్ములతో, పని నడిపించుకుంటారు. చుక్క చక్కగా వెలుగుతూనే ఉండి, గుండు మాత్రం ఇంకో చోట పడుతుంటే? అది ఎవరు చెప్తారు మీకు?

సరిగ్గా ఆ గొడవే ఈఓటెక్ కంపెనీ మీద జరిగింది. 2015 నవంబరులో అప్పటి మాతృసంస్థ ఎల్-3 కమ్యూనికేషన్స్ అమెరికా ప్రభుత్వానికి 2.56 కోట్ల డాలర్లు కట్టి కేసు సెటిల్ చేసుకుంది. ఆ కేసు నడిపింది న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా ఉన్న ప్రీత్ భరారా ఆఫీసు. ఆరోపణ ఏంటంటే, వేడికీ చలికీ గురి పక్కకి జరుగుతోందని, బాగా చలిలో లోపల వెలిగే గురి గుర్తు వంకరపోతోందని, తేమ చేరి మసకబారుతోందని కంపెనీకి ఏళ్ల తరబడి తెలిసినా సైన్యానికి చెప్పకుండా అమ్మిందని. అదే ఏడాది ఎఫ్‌బీఐ సొంతంగా పరీక్షించి, గురి అలా జరగడాన్ని పట్టుకుని కంపెనీ ముందు పెట్టాక గానీ విషయం బయటికి రాలేదు.

ఎందుకు జరుగుతుందో అర్థం చేసుకుంటే కొనేటప్పుడు పనికొస్తుంది. లేజర్ వేడెక్కితే దాని కాంతి తరంగదైర్ఘ్యం కొంచెం మారుతుంది. హోలోగ్రామ్ కాంతిని ఎంత వంచుతుందన్నది ఆ తరంగదైర్ఘ్యం మీదే ఆధారపడుతుంది. దాన్ని సరిచేయడానికి లోపల ఇంకో గ్రేటింగ్, అంటే కాంతిని వంచే సన్నని గీతల పలక, పెడతారు. అంటే లేజర్, అద్దాలు, గ్రేటింగ్, హోలోగ్రామ్ అన్నీ వాటి వాటి చోట్ల కదలకుండా కూర్చోవాలి, పెట్టె వ్యాకోచించినా సరే. ఎండా చలీ తేడాకి గురి 4 ఎంఓఏ (ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) జరిగిందనుకోండి, 100 మీటర్ల దగ్గర అది 11 సెంటీమీటర్లు దాటుతుంది, 300 మీటర్లకి దాదాపు 35 సెంటీమీటర్లు. రెడ్ డాట్‌లో ఈ సరంజామా లేదు. ఒక ఎల్ఈడీ, దాని వెలుగుని మీ కంటివైపు తిప్పే వంపు అద్దం, అంతే. తక్కువ సామాను, తక్కువ జబ్బులు.

అలాగని ఈఓటెక్‌ని పూర్తిగా తీసిపారేయను. కేసు తర్వాత వాళ్ల సైట్లు సైన్యం మళ్లీ కొన్నది. నాకు ఇబ్బందల్లా 2015కి ముందు తయారైన సెకండ్ హ్యాండ్ పీస్‌తోనే. మీ ఫ్రెండ్‌ని తయారీ ఏడాది అడగండి, తర్వాత ఒక్క రోజు అరువు తెచ్చుకోండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రైఫిల్‌ని కదలకుండా ఆనించే స్టాండ్ మీద పెట్టి అయిదు రౌండ్లు కాల్చండి, మధ్యాహ్నం రేంజ్‌లోనే గంటసేపు ఎండలో ఉంచి అదే దూరంలో ఇంకో అయిదు, సాయంత్రం చల్లారాక ఇంకో అయిదు. మూడు గుంపులూ ఒకదాని మీద ఒకటి పడితే తీసుకోండి. లేకపోతే సగం ధర కూడా ఎక్కువే.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాం. మా అబ్బాయి స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి ఆన్‌లైన్‌లో 1,500 పెట్టి రెడ్ డాట్ కొన్నాను. రెండొందల పెల్లెట్లు కూడా కొట్టలేదు, చుక్క ఆరుతూ వెలుగుతూ ఉంది. ఎయిర్ రైఫిల్‌కి అంత తన్ను కూడా ఉండదు కదండీ?

ఉంటుందండీ, పైగా రెండు వైపులా ఉంటుంది. మందుగుండు తుపాకీ వెనక్కి ఒక్కసారే తంతుంది. స్ప్రింగ్ రైఫిల్‌లో పిస్టన్ ముందుకు దూకేటప్పుడు రైఫిల్ వెనక్కి వస్తుంది, పిస్టన్ చివరికి వెళ్లి ఆగగానే మళ్లీ ముందుకు గుంజుతుంది. చాలా సైట్లు వెనక్కి తన్నే దెబ్బని తట్టుకునేలా మాత్రమే కడతారు, ఈ ముందుకు గుంజే దెబ్బకి లోపల జిగురుతో అంటించినవన్నీ ఊడొస్తాయి. పెద్ద తుపాకుల మీద ఏళ్ల తరబడి నిలిచిన టెలిస్కోప్ సైట్లు కూడా స్ప్రింగ్ రైఫిల్ మీద పాడైపోవడం మామూలే.

మీ సైట్ ఇంకా చావలేదనుకుంటా. ఆరుతూ వెలుగుతోందంటే ముందు అనుమానించాల్సింది సెల్ కింద ఉన్న రేకుని. కొంచెం పైకి వంచి చూడండి. సెల్ మార్చి ఉంటే, అది పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన రకమేమో చూడండి, ఆ పూత వల్ల కాంటాక్ట్ సరిగా దొరకదు. వస్తువుల జాడ చెప్పే తమ ఎయిర్‌ట్యాగ్ బిళ్లలో అలాంటి సెల్స్ పనిచేయకపోవచ్చని యాపిలే రాసి పెట్టింది. తర్వాత సైట్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే మౌంట్ స్క్రూలు బిగించి, స్క్రూ మీదా మౌంట్ మీదా కలిసేలా పెయింట్ పెన్‌తో ఒక గీత గీయండి. గీత విరిగి కనిపిస్తే స్క్రూ తిరిగిందన్నమాట. మళ్లీ కొనాల్సి వస్తే పెట్టె మీద ‘స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుంది’ అని స్పష్టంగా ఉన్నదే కొనండి.

ఇంకో మాట. అబ్బాయిని పోటీలకి పంపే ఆలోచన ఉంటే రెడ్ డాట్ అలవాటు చేయకండి. ఒలింపిక్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో దాన్ని అనుమతించరు. మన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం కొట్టింది బ్యాటరీ అక్కర్లేని, చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్‌తోనే.

ప్రశ్న: కొత్త రెడ్ డాట్‌లో చుక్క గుండ్రంగా లేదు, నలిగిన నక్షత్రంలా ఉంది. రిటర్న్ చేయనా?

ఆగండి. సైట్ వెనక ఫోన్ పెట్టి ఫొటో తీయండి. ఫొటోలో గుండ్రంగా ఉంటే సైట్ మంచిదే, మీ కంట్లో ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం, ఉంది. వెలుతురు తగ్గించి చూడండి, కళ్లద్దాలు పెట్టుకుని చూడండి. ఫొటోలో కూడా నక్షత్రమే వస్తే అప్పుడు వెనక్కి పంపండి.

ప్రశ్న: అమెరికా నుంచి వచ్చేటప్పుడు మా బావమరిదికి ఒక సైట్ బ్యాగ్‌లో వేసుకొస్తే ఇబ్బందా?

ఇబ్బందే. తుపాకులకి పెట్టే సైట్లు అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్నాయి. కొన్న బిల్లు ఉంది కదా, చిన్న డబ్బానే కదా అంటే కుదరదు, లైసెన్స్ అడుగుతారు. బావమరిదికి చాక్లెట్లు తెండి.